టమాటా మొక్కకు ఫ్యాను మంజూరైన విధం

ఆఫీసుల్లో గాలి అందరికీ ఒకేలా వీయదు. ఎవరికి ఎంత గాలి అన్నది కాగితం మీద రాసి ఉంటుంది. మా ఉద్యానవన కార్యాలయంలో ఆ కాగితాన్ని స్టోరు గది తలుపుకి లోపలివైపు అంటించారు. నాలుగో తరగతి ఉద్యోగికి కిటికీ. జూనియర్ అసిస్టెంట్లకీ, గ్రేడ్-టూ సిబ్బందికీ సీలింగ్ ఫ్యాను. సూపరింటెండెంటుకి ఫ్యాను, వేసవిలో కూలరు. సహాయ సంచాలకుల వారికి, అంటే ఏడీ గారికి, ఏసీ. అవుట్‌సోర్సింగ్ వాళ్ళ ఊసు ఆ కాగితంలో ఎక్కడా లేదు. మేం ఊపిరి పీల్చుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదన్నమాట.

నేను అక్కడ పదిహేడేళ్ళు అవుట్‌సోర్సింగ్ ఎలక్ట్రీషియన్‌గా చేశాను. పేరు మీరావలి. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసి మోటార్లు చుట్టే కొట్లో చేరినవాణ్ణి. ఆ కాగితంలో రాసిన ప్రతి ఫ్యానూ, ప్రతి కూలరూ, ఆ ఒక్క ఏసీ కూడా బిగించింది నేనే. నేను విసురుకునేది మాత్రం స్విచ్చి బోర్డు తాలూకు అట్టపెట్టె మూతతో.

ఆఫీసులో ఎలక్ట్రీషియన్ గ్రేడ్-టూ అనే పర్మనెంటు పోస్టు ఒకటి ఉంది. తొమ్మిదేళ్ళుగా ఖాళీ. పని నేను చేస్తున్నాను, కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పోస్టులో నన్ను వేయమని అర్జీ పెట్టుకుంటే, పదో తరగతి పాసు కాలేదు కాబట్టి విద్యార్హతలో మినహాయింపు కావాలన్నారు. మినహాయింపు ఫైలు తొమ్మిదేళ్ళలో రెండు గదులు దాటింది. నా భార్య కాశింబీ ఆ ఫైలుని సవతి అని పిలిచేది. "ఇయ్యాల దాన్ని చూసొచ్చావా, కులాసాగా ఉందా?" అని అన్నం వడ్డిస్తూ అడిగేది.

ఇట్లా ఉండగా ఏప్రిల్ మొదటివారంలో పైనుంచి గుడార సేద్యం వచ్చింది.

పెద్దసార్లు ఎవరో చలిదేశానికి వెళ్ళి, అక్కడ మంచులో గుడ్డతో గుడారం వేసి లోపల దీపాలు వెలిగించి కూరగాయలు పండించడం చూసొచ్చారట. అక్కడ ఎండ లేదు కాబట్టి వాళ్ళు దీపం పెట్టుకున్నారు. మనకు ఎండ ఉంది కాబట్టి ముందు దాన్ని ఆపి, తర్వాత దీపం పెట్టుకోవాలని ఉత్తర్వు. మా ఊళ్ళో ఏప్రిల్ నెలలో సైకిల్ సీటు మీద నీళ్ళు చల్లి గాని ఎవరూ ఎక్కరు.

గుడారం ఐదడుగుల చదరం, ఏడడుగుల ఎత్తు. బయట నల్లగుడ్డ, లోపల అద్దంలా మెరిసే వెండిరంగు, ముందు జిప్పు. పాత రికార్డుల గదిలో నిలబెట్టాను. నడుమెత్తుకి కాస్త పైన నాలుగు ఎల్ఈడీ పలకలు వేలాడదీశాను. కింద నాలుగు కుండీలు, నాలుగు టమాటా మొక్కలు. రోజుకు పదహారు గంటలు దీపం వెలగాలని దాంతో వచ్చిన పుస్తకంలో ఉంది. డెబ్బై ఐదో రోజున కమిషనర్ గారు పంట తనిఖీకి వస్తారని ఉత్తర్వులో ఉంది. లోపల పుట్టిన వేడి ఎటు పోవాలన్నది రెండింటిలోనూ లేదు.

గుడారం నెత్తిన ఒక గుండ్రటి మూతి, అడుగున ఒక మూతి, తాడు లాగితే ముడుచుకునేవి ఉన్నాయి. అవి ఎందుకని సహాయ సంచాలకులు ఉపేంద్రనాథ్ గారు నన్నడిగారు. గాలికి సార్ అన్నాను. దుమ్ము పడుతుందని రెండూ బిగించి కట్టించారు. కొబ్బరికాయ కొట్టి దీపాలు వేశారు. అందరం చప్పట్లు కొట్టాం.

రెండో రోజుకి లోపల నలభై ఆరు డిగ్రీలు. ఆకుల అంచులు పైకి లేచి దోనెల్లా ముడుచుకున్నాయి. వారం తిరిగేసరికి నాలుగింట్లో మూడు మొక్కలు తల వాల్చేశాయి. నేను వెళ్ళి ఏడీ గారి గది బయట నిలబడ్డాను. లోపలికి రమ్మన్నాక ఆ చల్లదనానికి నా చెమట ఒక్కసారి గడ్డకట్టినట్టయింది.

"సార్, దీపాలకి వేడి ఎక్కువైంది. పైనుంచి వేడిగాలి లాగేదానికి ఒక ఫ్యాను కావాల."

ఉపేంద్రనాథ్ గారు కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీస్తే విధానం మాట్లాడబోతున్నారని గుర్తు. "చూడు వలీ. ఎల్ఈడీ అనేది చల్లని వెలుగు. ఆ మేరకు కమిషనరేట్ వారు సర్క్యులర్‌లో స్పష్టపరచి ఉన్నారు. వేడి రాని దీపానికి వేడి వచ్చిందని మనం రాస్తే, పై అధికారుల అభిప్రాయంతో విభేదించినట్టు అవుతుంది."

"వెలుగు చల్లనిదే సార్. పలక ఎనకమాల చెయ్యి పెట్టి చూడండి. దానికి కరెంటు ఇచ్చే డ్రైవర్ డబ్బాలు నాలుగూ లోపలే ఉన్నయి, అయి ఇంకా కాల్తన్నయి. డబ్బాలు నేను బయటికి తీసి పెడతా. గాలి సంగతి మాత్రం మీరు చూడాల."

"థర్మామీటర్ ఎక్కడిది?"

"మన స్టోర్‌దే సార్."

"అది మట్టి ఉష్ణోగ్రతకి ఇచ్చినది. గాలికి పెడితే తప్పు చూపిస్తుంది." కొంచెం ఆలోచించి గొంతు తగ్గించారు. "మిగిలింది ఒక్క మొక్క. అది కూడా పోతే బాధ్యత ఎవరి మీద స్థిరపరచాలి? సహాయ సంచాలకుల మీద స్థిరపరచలేం. సూపరింటెండెంటు గారి మీదా కుదరదు. దీపాలు బిగించిందెవరు?"

"నేనే సార్."

"కదా. అదే కాయ కాసిందనుకో, నీ మినహాయింపు ఫైలు నా సిఫారసుతో కమిషనర్ గారి చేతికి స్వయంగా అందజేస్తాను. ఫ్యాను ఇండెంటు పెట్టు."

ఆ మొక్క బతికితే నేను పర్మనెంటు, చస్తే నేను ఇంటికి. ఇంత తేటగా ఆ ఆఫీసులో నాతో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

స్టోర్‌కీపర్ అంకినీడు గారు మంచివారే. నోట్లో వక్కపొడి ఉన్నంతసేపూ ఎవరినీ తిట్టరు. నా ఇండెంటు తీసుకుని వేలితో గడులు లెక్కపెట్టారు.

"ఫ్యాను ఎవురికి?"

"టమాటా మొక్కకండీ."

"హోదా?"

"మొక్కకి హోదా ఏంటండీ?"

"అదేగా నేనూ అడిగేది. ఇదిగో, మూడో గడి. ఉద్యోగి పేరు, హోదా. హోదాని బట్టే గాలి. హోదా లేకుండా గాలిస్తే నా మెడకు చుట్టుకుంటది."

"వేడిగాలి బయటికి లాగే చిన్న ఫ్యానుంటదిగా, బాత్రూముల్లో పెట్టేది. అదన్నా ఇప్పించండి."

"అది మరుగుదొడ్ల పద్దు కిందిది. మొక్క మరుగుదొడ్డా?"

"కాదు."

"మరి ఉద్యోగా?"

"కాదండీ."

"మరింకేందయ్యా అది? ముందు అదేందో తేల్చుకురా. నీకు లేని ఫ్యాను నీ మొక్కకి ఎట్టా వస్తది వలీ, ఒక్కసారి నువ్వే ఆలోచించు." ఎగతాళి లేదు ఆ మాటలో. నిజంగానే ఆలోచించమన్నారు.

విషయం సూపరింటెండెంటు కుసుమకుమారి మేడం దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మాట్లాడినా ఫైలు చదివినట్టే ఉంటుంది. నాలుగు పేజీల నోటు రాశారు. మొక్క ఫర్నిచరా అన్నది మొదటి పేజీ. ఫర్నిచర్ అయితే గాలి అవసరం లేదు, దుమ్ము దులిపితే చాలు. సందర్శకురాలా అన్నది రెండో పేజీ. సందర్శకులకు హాల్లో ఫ్యాను ఉంది గాని, సాయంత్రం ఐదుకి బయటికి పంపేయాలి. వాహనమా అని కూడా అర పేజీ పరిశీలించారు. చివరికి, కార్యాలయ ఆవరణలో ప్రతిరోజూ హాజరై, ప్రభుత్వ పథకం నిమిత్తం ఎదుగుతున్నందున, సదరు మొక్కను సిబ్బందిగా పరిగణించుటయే సమంజసమని తేల్చారు. కార్యాలయమందు గల ఖాళీలను అనుసరించి తగు హోదాలో సర్దుబాటు చేయవచ్చునని ముగించారు.

ఖాళీలు వెతికారు. ఒక్కటే ఉంది.

నన్ను ఏడీ గారి గదిలోకి పిలిచారు. కుసుమకుమారి మేడం ఒక కాగితం నా ముందు పెట్టారు.

"ఎలక్ట్రీషియన్ గ్రేడ్-టూ పోస్టులో మొక్కను తాత్కాలికంగా సర్దుబాటు చేస్తున్నాం మీరావలి గారూ. ఆ పోస్టు కోరుతూ మీ అర్జీ పెండింగులో ఉన్నందువల్ల, మీకు అభ్యంతరం లేదని ఒక సంతకం."

"మేడం, అది నేను తొమ్మిదేళ్ళుగా అడుగుతున్న పోస్టు."

"అందుకే మీ సంతకం అవసరమైంది," అన్నారావిడ.

ఉపేంద్రనాథ్ గారు కళ్ళజోడు తీశారు. "తాత్కాలికం అన్నాం కదయ్యా. నెలా నెలన్నర. కాయ కాస్తుంది, కమిషనర్ గారు చూస్తారు, మొక్క వెళ్ళిపోతుంది, నువ్వు కూర్చుంటావు. ఇదంతా నీ కోసమే. సంతకం పెట్టవు, ఫ్యాను రాదు, మొక్క పోతుంది, అప్పుడు నీ ఫైలుకి అర్థం ఏముంటుంది?"

పదో తరగతి చదివి ఉంటే సంతకం పెట్టేవాణ్ణి కాదేమో. పెట్టాను. సాయంత్రం ఈ సంగతి చెబితే కాశింబీ బియ్యం ఏరడం ఆపి నా వంక చూసింది. "నీ కుర్చీలో టమాటా మొక్కని కూచోబెట్టి, దానికి నువ్వే ఇసిరి పెడతన్నావా?" అంది. "ఇసరటం కాదే, ఫ్యాను," అన్నాను. ఆమె మళ్ళీ బియ్యం ఏరుకుంది.

సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టిన తేదీ దగ్గర విత్తిన తేదీ వేశారు. పుట్టుమచ్చలు రెండు ఉండాలి. మూడో ఆకు మీద పసుపు మచ్చ, కాండం అడుగున గాటు అని రాశారు. గాటు నా స్క్రూడ్రైవర్ తగిలి పడింది. విద్యార్హత అన్న గడిలో కుసుమకుమారి మేడం ఒక్క క్షణం కలం ఆపి, 'వర్తించదు' అని రాశారు. తొమ్మిదేళ్ళుగా నాకు మాత్రమే వర్తిస్తూ వచ్చిన గడి అది.

మర్నాడు అంకినీడు గారు ఫ్యాను ఇచ్చారు. గ్రేడ్-టూ కాబట్టి సీలింగ్ ఫ్యాను. చిన్నదే, మూడడుగులది. సీలింగ్ ఫ్యాను గాలి కిందికి కొడుతుంది. గుడారంలో వేడి పైన ఉంటుంది. అంటే పైన కాస్త సద్దుమణిగి ఉన్న వేడిని పోగేసి మొక్క నెత్తిన కొట్టే ఏర్పాటు. బిగించి చూపించాను. గుడారం నాలుగు పక్కలా పూరీలా పొంగింది. ఏడీ గారు చూసి, "ఇప్పుడు నిండుగా ఉంది," అన్నారు.

ఆయన వెళ్ళాక నా పని నేను చేసుకున్నాను. ఫ్యాను తీగలు మార్చి, గాలి పైకి కొట్టేట్టు ఎదురు తిప్పించాను. రెక్కలు తిరగేసి బిగించాను. గది పైకప్పు కొక్కేనికి వేలాడదీసి, కడ్డీని గుడారం నెత్తిన ఉన్న మూతిలోంచి దించాను. అడుగు మూతి విప్పి దానికి తడి గోనెపట్టా కట్టాను. డ్రైవర్ డబ్బాలు నాలుగూ బయట చెక్క మీద వరుసగా పెట్టాను. రికార్డు గది కిటికీ బార్లా తీశాను. స్విచ్చి వేసేసరికి గుడారం పక్కలు దవడలు పీల్చుకున్నట్టు లోపలికి పీల్చుకున్నాయి. అట్లా పీల్చుకుంటేనే కింద చల్లగాలి ఎక్కుతూ పైన వేడిగాలి పోతున్నట్టు. గంటలో నలభై ఆరు కాస్తా ముప్పై ఒకటికి దిగింది. సాయంత్రానికి ఆకుల అంచులు విచ్చుకున్నాయి. పదిహేడేళ్ళలో నా పని చూసి నేను నవ్వుకున్న రోజు అదొక్కటే.

ఐదున్నరకు అటెండరు వచ్చి ఫ్యాను కట్టేశాడు.

ఉద్యోగి పనివేళలు ముగిశాక ఫ్యాను తిరగకూడదని నియమం. మధ్యాహ్నం భోజన విరామంలో కూడా. దీపాలు మాత్రం పథకం పద్దు కింద పదహారు గంటలు వెలగాలి. అంటే ఉద్యోగి ఇంటికి పోయినట్టు లెక్క, అతని నెత్తిన దీపాలు మాత్రం డ్యూటీలో ఉన్నట్టు లెక్క. నేను పోయి సూపరింటెండెంటు మేడంని అడిగాను.

"ఐదున్నర తర్వాత మీరు అక్కడ కూర్చోండి," అన్నారు.

"నేను కూర్చుంటే ఫ్యాను వేసుకోవచ్చా మేడం?"

"మీకు ఫ్యాను అర్హత లేదు కదా. మీరు కూర్చుంటే తప్పనిసరిగా ఆపాలి."

"మరి నేను కూర్చోటం ఎందుకు?"

"బాధ్యత కోసం," అన్నారావిడ.

చివరికి మొక్కను అత్యవసర సేవల కింద చేర్చి ఇరవైనాలుగు గంటల డ్యూటీ వేశారు. ఆ ఉత్తర్వు వచ్చిన వారానికే హాజరు సమస్య వచ్చింది. మా ఆఫీసులో ముఖం చూపిస్తే ఫోను హాజరు వేసుకుంటుంది. మొక్క గైర్హాజరైతే ఫ్యాను వెనక్కి తీసుకోవాలి. అటెండరు ఫోను తెచ్చి జిప్పు తీసి పట్టుకున్నాడు. కళ్ళు ఆర్పండి అంది ఫోను. మొక్క ఆర్పలేదు. మళ్ళీ కళ్ళు ఆర్పండి అంది. నేను అట్టమూతతో మెల్లగా విసిరాను. పై ఆకులు రెండూ ఊగాయి. 'హాజరు నమోదైంది, శుభోదయం' అంది. అదే ఫోను అంతకుముందు రెండు రోజులు నా ముఖాన్ని గుర్తుపట్టక నన్ను గైర్హాజరు కింద వేసింది.

ఆ రకంగా మే నెల అంతా మొక్క ఒక్కరోజు మానలేదు. సెలవు అడగలేదు. టీకి పోలేదు. ఉపేంద్రనాథ్ గారు మీటింగుల్లో దాన్ని చూపించి జూనియర్ అసిస్టెంట్లకు బుద్ధి చెప్పేవారు. "గ్రేడ్-టూ ఉద్యోగి ఎలా ఉండాలో గుడారంలోకి తొంగి చూడండి. నిటారుగా, నిశ్శబ్దంగా." నిజమే, ఎండాకాలం అయిపోయేవరకు ఆఫీసులో వాడిపోకుండా ఉన్నది అదొక్కటే. పూత వచ్చింది. పూలన్నీ రాలి ఒకటి నిలిచింది. కాయ అయింది, పండింది. ఒకే ఒక్క పండు, నిమ్మకాయకంటే కొంచెం పెద్దది.

నాలుగు రోజులకొకసారి నేను ఫ్యాను కెపాసిటర్ మీద వేలు పెట్టి చూసేవాణ్ణి. వేడి తగిలే చోట ఉంది కాబట్టి అది ఉబ్బేది. ఉబ్బగానే మార్చేవాణ్ణి. గోనెపట్టా రోజుకు నాలుగుసార్లు తడిపేవాణ్ణి. ఇవేవీ ఏ రిజిస్టర్లోనూ లేవు.

కమిషనర్ గారు వచ్చారు. పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతారు. గుడారంలో తల పెట్టి పండు చూశారు. ఫోటోలు తీశారు. పండుని తుంచి వెండి పళ్ళెంలో పెట్టి రికార్డు నిమిత్తం భద్రపరచమన్నారు. తర్వాత సిబ్బంది పట్టిక తెమ్మన్నారు. ఏడీ గారి చంకలో నా మినహాయింపు ఫైలు ఉంది. నేను కళ్ళారా చూశాను, మాట నిలబెట్టుకోవడానికి తెచ్చారు.

కమిషనర్ గారు పట్టిక మీద వేలు ఆనించారు. "ఎలక్ట్రీషియన్ గ్రేడ్-టూ, భర్తీ అయింది. సంతోషం. తొమ్మిదేళ్ళ ఖాళీ నింపారు." కిందికి దిగారు. "అవుట్‌సోర్సింగ్ ఎలక్ట్రీషియన్, ఒకరు. ఇదేమిటి? ఒకే పనికి ఇద్దరా?"

"సార్, అతని విషయమై ఒక ఫైలు..." అన్నారు ఉపేంద్రనాథ్ గారు.

"రెగ్యులర్ ఉద్యోగి విధుల్లో ఉండగా ప్రత్యామ్నాయం కొనసాగించడం ఆక్షేపణీయం. ఎవరి హాజరు బాగుంది?"

కుసుమకుమారి మేడం రిజిస్టర్ చూశారు. అబద్ధం చెప్పే మనిషి కాదావిడ. "రెగ్యులర్ ఉద్యోగిది నూటికి నూరు సార్. మీరావలిది ముఖ గుర్తింపు సమస్య వల్ల తొంభై మూడు."

"మరింకేం," అన్నారు కమిషనర్ గారు, చాలా మెత్తగా.

నన్ను తీసేస్తూ ఇచ్చిన కాగితంలో, గత పదిహేడు సంవత్సరముల సేవలకు కార్యాలయము కృతజ్ఞత తెలుపుచున్నదని ఉంది. పనిముట్లు రెగ్యులర్ ఎలక్ట్రీషియన్‌కు అప్పగించి వెళ్ళవలెనని కూడా ఉంది. టెస్టరు, కటింగ్ ప్లయర్, టేపు చుట్ట, నిచ్చెన తీసుకెళ్ళి కుండీ ముందు పెట్టాను. జిప్పు వేసి ఇంటికి వెళ్ళాను.

పదకొండో రోజు మధ్యాహ్నం ఏడీ గారు స్వయంగా ఫోను చేశారు.

"వలీ, రికార్డు గదిలో ఫ్యాను ఆగిపోయిందయ్యా. ఒకసారి వచ్చి చూసి వెళ్ళు."

"మీ ఎలక్ట్రీషియన్ ఉన్నాడుగా సార్. డ్యూటీలోనే ఉన్నాడు, ఇరవైనాలుగు గంటలు."

"వెటకారం వద్దు. ఆకులు ముడుచుకుపోతున్నాయి."

"దీపాలు ఆపేసి జిప్పు తీసిపెట్టండి సార్. మొక్క రేపటిదాకా ఆగుద్ది. బజార్లో ఎవురినన్నా పిలిపించి కెపాసిటర్ మార్పించండి."

"దీపం పదహారు గంటలు వెలగాలని ఉత్తర్వు, ఆపడానికి నాకు అధికారం లేదు. రెగ్యులర్ ఎలక్ట్రీషియన్ ఉండగా బయటివాణ్ణి పిలిస్తే సూపరింటెండెంటు గారు ఒప్పుకోవడం లేదు. నువ్వయితే అలవాటైనవాడివి, పిలిచినట్టు కాకుండా వస్తావని."

పిలిచినట్టు కాకుండా పోవడం ఎలాగో నాకు తెలియలేదు. అయినా పోయాను. మనిషి మీద కోపం మొక్క మీద చూపించడం నా చేత కాదు. గేటు దగ్గర అటెండరు ఆపాడు. గుర్తింపు కార్డు లేనివారిని లోపలికి పంపవద్దని మేడం రాసిచ్చారట. లోపల ఏం జరుగుతోందని అడిగాను. ఫ్యాను మరమ్మతు ఎందుకు చేయలేదో ఇరవైనాలుగు గంటల్లోగా సంజాయిషీ ఇవ్వాలని మేడం మొక్కకి మెమో జారీ చేశారట. గుడారానికి అంటించొచ్చానని చెప్పాడు.

మర్నాడు మొక్క పోయింది. సంజాయిషీ ఇవ్వకుండానే.

నేను ఒక రోజు ఆగాను. ఆశ అనేది సిగ్గులేని వస్తువు. మూడో రోజు తెల్లచొక్కా వేసుకుని ఆఫీసుకు పోయాను. కార్డు లేదు కాబట్టి సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి, హాల్లో ఫ్యాను కింద కూర్చున్నాను. పదిహేడేళ్ళలో ఆ ఫ్యాను కింద కూర్చోవడం అదే మొదలు. పిలిచాక లోపలికి వెళ్ళాను.

"సార్, పోస్టు ఖాళీ అయింది. నా ఫైలు..."

ఉపేంద్రనాథ్ గారు కళ్ళజోడు తీశారు. గదిలో కుసుమకుమారి మేడం కూడా ఉన్నారు. ఇద్దరి ముఖాల్లోనూ సంతాపం ఉంది.

"వలీ, ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణించాడు."

"అవును సార్."

"సర్వీసులో ఉండగా మరణిస్తే ఆ పోస్టు మీద మొదటి హక్కు ఎవరిది?"

మేడం చెప్పారు. "కారుణ్య నియామకం మీరావలి గారూ. వారసులకి."

"దానికి వారసులెవరు మేడం?"

ఏడీ గారు బీరువాలోంచి వెండి పళ్ళెం తీసి బల్ల మీద పెట్టారు. పండు ఇంకా గట్టిగానే ఉంది, కొంచెం ముడతలు పడింది.

"లోపల ఉన్నారు," అన్నారు. "ఎంతమంది అన్నది ఇంకా తేలలేదు. అందరిలో ముందు మొలకెత్తినవారికి పోస్టు. పూతకొచ్చేదాకా మైనర్లే కాబట్టి అప్పటివరకు పోస్టు ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెడతాం. మైనర్లకి గుడారం, దీపాలు, గాలి, అన్నీ మళ్ళీ సమకూర్చాలి. ఆ గాలి సంగతి నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నిన్ను ఏ హోదాలో పిలవాలో మేడం పరిశీలిస్తున్నారు. ఈలోగా ఒక సాయం చెయ్యి. గింజలు జాగ్రత్తగా తీసి, కడిగి, నీడన ఆరబెట్టి తీసుకురా. ఇక్కడ ఆ పని వచ్చినవాళ్ళు లేరు."

ఉద్యానవన కార్యాలయంలో టమాటా గింజ తీయడం వచ్చినవాళ్ళు లేరని ఆయన మామూలుగా చెప్పారు. మేడం కాగితం రాసిచ్చారు: 'వారసులతో కూడిన ఒక పండు అందినది, సంఖ్య నిర్ధారణ కావలసి ఉన్నది.' సంతకం పెట్టి, పండుని ప్రభుత్వ ముద్ర ఉన్న కవరులో వేసుకుని ఇంటికి వచ్చాను.

కాశింబీ రోలు ముందు కూర్చుని వేయించిన పచ్చిమిరపకాయలు పచ్చడికి దంచుతోంది. కవరు చూసి చెయ్యి ఆపింది.

"ఏందది, వచ్చిందా ఆర్డరు?"

కవరు ఆమె చేతికిచ్చాను. లోపలికి చూసింది. పండుని బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఒక్క టమాటా ఏం సరిపోద్ది ఇంటిల్లిపాదికీ?"

"సరిపోద్ది, నూరు."

ఆమె పండుని రెండు చీలికలు చేసి, వేలితో లోపల తడిమింది. "శానా ఉన్నయి గింజలు. తీసెయ్యమంటావా?"

"ఒక్కటి గూడా తీయబాక," అన్నాను. "అన్నీ మెత్తగా నూరు."